బండి మీది భోజనము - బాధ్యత ఎవరిది?

ప్రాణమును నిలుపవలసిన ఆహారమే ఒక్కొక్కప్పుడు ప్రాణమును తీయుచున్నది. దీనికి నిదర్శనము కొరకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. 2024 అక్టోబరులో హైదరాబాదు నగరమున, బంజారాహిల్స్ ప్రాంతములో మోమోలు తినిన తరువాత పలువురు అస్వస్థులైరి. ఒక మహిళ మరణించెను. అదే నెల 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము పచ్చి గ్రుడ్లతో చేయు మయొనైజును ఒక సంవత్సరముపాటు నిషేధించెను. ఆ వార్త చదివి మనమందరము విచారించితిమి. మరునాటి సాయంకాలము మరల ఏదో ఒక బండి వద్దనే నిలిచితిమి.

మేడ్చల్ నాగపూర్ దారిలోను, శామీర్‌పేట కరీంనగర్ పోవు రాజీవ్ రహదారిపైన ఉన్నవి. ఈ రెండు దారుల వెంట ధాబాలు, చాయ్ హోటళ్ళు, మిర్చి బజ్జీల బండ్లు, పానీపూరీ, ఫ్రైడ్ రైస్ బండ్లు బారులు తీరియుండును. రంజాన్ మాసమున హలీం భట్టీలు వెలయును. లారీ డ్రైవరు, కార్ఖానా కూలీ, చెరువు చూడవచ్చిన కుటుంబము, కళాశాల విద్యార్థి, అందరికి ఆకలి తీర్చునవి ఇవియే. మరియొక సంగతి మరువరాదు. మన విద్యార్థులలో కొందరి ఇంట పొయ్యి వెలుగవలెనన్న ముందు రోడ్డుమీది ఆ బండి పొయ్యి వెలుగవలెను. కనుక ఈ విషయమున తినువారము మనమే, అమ్మువారమును మనమే.

అంగడి ఆహారముపై కట్టుబాట్లు నేడు పుట్టినవి కావు. ధాన్యము, నూనె, ఉప్పు మొదలగువానిలో కల్తీ చేసినవారికి కౌటిల్యుని అర్థశాస్త్రము జరిమానా విధించినది. ఇస్లామీయ నగరములలో తూనికలను, వంటకములను తనిఖీ చేయుటకు ముహ్తసిబ్ అను అధికారి ఉండెడివాడు. ఆహారము 'హలాల్' అయిన చాలదు, 'తయ్యిబ్', అనగా శుభ్రమును మేలైనదియు కావలెనని ధర్మము చెప్పుచున్నది. మనము మొదటి మాటను గురించి అడిగినంతగా రెండవ మాటను గురించి అడుగుట లేదు. స్వతంత్ర భారతమున 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టము వచ్చెను. దాని స్థానమున 2006లో ఆహార భద్రత, ప్రమాణముల చట్టము చేయబడినది. 2011లో అమలైన నియమావళి పెద్ద హోటళ్ళకు లైసెన్సును, తోపుడు బండ్లవంటి చిన్న వ్యాపారములకు నమోదును విధించెను. ఆనాడు ఆ నమోదు రుసుము ఏడాదికి 100 రూపాయలు మాత్రమే.

ఇక రోగము పుట్టు విధమును చూతము. 5 డిగ్రీల చలికిని 60 డిగ్రీల వేడికిని నడుమ సూక్ష్మజీవులు వేగముగ పెరుగును. అనుకూలమైన వేడిలో కొన్ని జాతులు 20 నిమిషములకు ఒకసారి రెట్టింపగును. ఆ లెక్కన ఒక్క జీవి నాలుగు గంటలలో 4096 అగును. మధ్యాహ్నము వండి వార్చిన అన్నమును మూతపెట్టి రాత్రి ఫ్రైడ్ రైస్‌కు వాడినచో జరుగునది ఇదియే. మంటమీద మరల వేయించితిమి గదా యని ధైర్యపడరాదు. అన్నములో పెరుగు ఒక జాతి సూక్ష్మజీవులు విడుచు విషము, వేయించినను నశింపదు.

'ఎంగిలి' అను మాట మన ఇండ్లలో ఎంత పట్టింపుగలదో అందరికి తెలియును. ఒకరు కొరికినది మరొకరు ముట్టరు. కాని ఒకే బకెట్టు నీటిలో నలుబది ప్లేట్లు ముంచి తీసిన బండివద్ద మనము నిస్సంకోచముగ తినుచున్నాము. అది నలుబదిమంది ఎంగిలి కాదా?

నియమములు కఠినమైనవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వానిని ఐదు మాటలలో చెప్పినది: శుభ్రత పాటించుట, పచ్చిదానిని వండినదానితో కలుపకుండుట, పూర్తిగ ఉడికించుట, వేడిదానిని వేడిగ, చల్లనిదానిని చల్లగ ఉంచుట, సురక్షితమైన నీటిని, సరుకును వాడుట. మన దేశపు నిబంధనలు మరికొన్నిటిని చేర్చినవి. 2018 నాటి ప్యాకేజింగ్ నియమములు వార్తాపత్రికలలో తినుబండారములు చుట్టుటను నిషేధించినవి. సిరాలోని విషపదార్థములు నూనెతో పాటు బజ్జీకి అంటుకొనును. మాటిమాటికి కాచిన నూనెకును అదే ఏడు హద్దు ఏర్పరచిరి.

అయితే నియమము వ్రాసినంతమాత్రమున పని జరుగునా? న్యూయార్కులో మేరీ మేలన్ అను వంటమనిషి కథ ఇచట స్మరింపదగినది. ఆమెకు ఏ జబ్బును లేదు; కాని ఆమె దేహమున టైఫాయిడ్ క్రిములు ఉన్నవని 1907లో కనుగొని నిర్బంధించిరి. వంట చేయనని మాట తీసికొని 1910లో విడిచిరి. బట్టలుతుకు పనిలో కూలి తక్కువ. ఆమె పేరు మార్చుకొని మరల వంటకే పోయెను. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మంది జబ్బుపడిన తరువాతగాని సంగతి బయటపడలేదు. 1938లో మరణించువరకు ఆమె నిర్బంధముననే ఉండెను. తప్పు ఆమెది లేదనము. కాని బ్రతుకుతెరువు చూపని నియమము ఎవరిని కాపాడలేదనుటకు ఇంతకన్న సాక్ష్యము వలదు.

మన బండివారి స్థితియు ఇట్టిదే. "చేతులు కడుగుము" అని చెప్పుట సులభము, నీరెక్కడిది? గోదావరి జలములను నగరమునకు తెచ్చు గొట్టములు శామీర్‌పేట దిక్కునుండియే పోవుచున్నవి. ఆ దారి ప్రక్కననే బండివాడు డబ్బాతో నీరు మోసికొని తెచ్చుకొని, బొట్టుబొట్టు లెక్కపెట్టుకొనుచున్నాడు. 2014 నాటి వీధి విక్రేతల చట్టము పట్టణ విక్రయ సంఘమును ఏర్పరచి, అందు కనీసము నూటికి 40 మంది విక్రేతల ప్రతినిధులే ఉండవలెనని చెప్పినది. ఆ సంఘములలో బండివారు కొళాయిని, చెత్తకుండీని, మురుగుకాలువను అడుగవలెను. బండిని లాగివేసినచో రోగము పోదు; అది మరియొక సందులోనికి పోవును.

విద్యార్థులారా! మన వంతు పని చిన్నది. తినుటకు ముందు బండివద్ద నమోదు పత్రమున్నదాయని చూడుడు. నీటిని, నూనెను, వడ్డించు చేతిని గమనింపుడు. బాగుగలేనిచో కసరక, "అన్నా, ఆ నీళ్ళు మార్చరాదా?" అని మర్యాదగ అడుగుడు, బాగున్నచోటికే మరల పొండు. బండి నడుపు తండ్రికి, తల్లికి ఈ నియమములను తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపింపుడు. కళాశాల సంఘమువారు మన ద్వారము ముందరి బండ్లకొరకు ఒక మంచినీటి కొళాయిని, చేతులు కడుగు చోటును ఏర్పాటు చేసినచో, ఈ వ్యాసమునకన్న ఆ కొళాయియే ఎక్కువ పాఠము చెప్పగలదు.