ఆగకుండా వచ్చే లెక్కలు: స్ట్రీమ్ ప్రాసెసింగ్ పరిచయం

కంప్యూటర్ కోర్సులు చదువుతున్న మన పిల్లలకు ఎదురయ్యే పాఠాల్లో స్ట్రీమ్ ప్రాసెసింగ్ ఒకటి. పేరు కొత్తదైనా లోపలి సూత్రం బ్యాంకు లెడ్జరులో ఉన్నదే. బి.కాం. చదివి బ్యాంకు గుమాస్తాగా రిటైరైన నేను నాకు తెలిసిన దారిలోనే దీనిని వివరిస్తాను. తల్లిదండ్రులు కూడా పిల్లలతో కూర్చుని చదవగలరు.

1. కట్టలుగానా, వచ్చినది వచ్చినట్టా?

పద్దులను పోగుచేసి ఒకేసారి లెక్క తేల్చడం బ్యాచ్ పద్ధతి. నెఫ్ట్ నేటికీ అరగంటకొక బ్యాచ్‌గా నడుస్తుంది. వచ్చిన ప్రతి పద్దునూ వెంటనే లెక్కలోకి తీసుకోవడం స్ట్రీమ్ పద్ధతి. రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల క్లియరింగును కూడా బ్యాచ్ పద్ధతి నుంచి నిరంతర పద్ధతికి మార్చింది.

ముంబైలోని ఎన్.పి.సి.ఐ. 2016లో ప్రారంభించిన యూపీఐలో 2025 ఆగస్టు ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు జరిగాయి. అంటే సగటున సెకనుకు ఏడువేల పైచిలుకు. ఇంత పని ఒక్క యంత్రం వల్ల కాదు. అనేక యంత్రాలు పంచుకోవాలి.

2. పంచడం ఎలా?

దాదర్ స్టేషన్‌లో ఎవరు ఏ టికెట్ కిటికీకి వెళ్ళినా చిక్కు లేదు. ఒకరి టికెట్టుకు మరొకరి టికెట్టుతో సంబంధం ఉండదు. బ్యాంకు ఖాతా అలా కాదు.

ఒక ఖాతాలో రూ.500 ఉన్నాయనుకుందాం. ముందు రూ.2,000 జమ వచ్చింది, తరువాత రూ.1,800 చెక్కు వచ్చింది. రెండూ వేర్వేరు చోట్లకు వెళ్ళి, చెక్కు పద్దు ముందుగా చూడబడితే, డబ్బుండి కూడా చెక్కు వెనక్కి పోతుంది. అది పిల్లవాడి కాలేజీ ఫీజు చెక్కయితే నష్టం ఎవరిదో చెప్పనక్కరలేదు.

అందుకే కంప్యూటర్లు రాకముందు ఖాతా నంబర్ల ప్రకారం లెడ్జర్లు విభజించేవారు. ఒక ఖాతా పద్దులన్నీ ఒకే లెడ్జరులో, వరుస తప్పకుండా పడేవి. లెడ్జర్లు మాత్రం అన్నీ ఏకకాలంలో నడిచేవి.

లింక్డ్‌ఇన్ సంస్థలో పుట్టి, 2011లో అందరికీ ఉచితంగా విడుదలైన కాఫ్కా చేసేదీ ఇదే. అక్కడ ఖాతా నంబరును ‘కీ’ అనీ, లెడ్జరును ‘పార్టిషన్’ అనీ అనుకోండి. ఒక పార్టిషన్ లోపలే వరుసకు హామీ. పార్టిషన్ల మధ్య హామీ లేదు. కనుక ప్రోగ్రాము రాసేముందు, ఏ పద్దులు తప్పనిసరిగా వరుసలో ఉండాలో తేల్చుకుని ‘కీ’ ఎంచుకోవాలి.

3. గుమాస్తా సెలవు పెడితే?

నిన్నటి ముగింపు నిల్వ, నేటి ఓచర్లు ఉంటే మరొక గుమాస్తా లెడ్జరును కొనసాగించగలడు. ఫ్లింక్ వంటి సాఫ్ట్‌వేర్లు నిల్వను మధ్యమధ్య భద్రపరుస్తాయి. దీనిని ‘చెక్‌పాయింట్’ అంటారు. యంత్రం పాడైతే అక్కడి నుంచి పద్దులను తిరిగి చదువుతాయి.

తిరిగి చదివినప్పుడు ఒకే చెల్లింపు రెండుసార్లు బయటికి పోకూడదు. ఓచరుపై ‘పోస్టెడ్’ ముద్ర అందుకే. కంప్యూటరులో ప్రతి లావాదేవీకి విడి నంబరు ఇచ్చి, అది ఇదివరకే నమోదైతే వదిలేయాలి.

4. ఇంట్లో చేసి చూడండి

నాలుగు ఖాతాలకు ఇరవై చీటీలు రాయండి. ప్రతి చీటీపై ఖాతా నంబరు, వరుస నంబరు, మొత్తం ఉండాలి. మొదట ఇద్దరికి పేకముక్కల్లా పంచండి. రెండవసారి బేసి ఖాతాలు ఒకరికి, సరి ఖాతాలు మరొకరికి ఇవ్వండి. ఎప్పుడు అడిగినా నిల్వ సరిగా చెప్పగలిగింది ఏ పద్ధతిలోనో గమనించండి. ఆ తరువాత అదే లెక్కను మీకు వచ్చిన భాషలో, జావాలో గాని పైథాన్‌లో గాని, ప్రోగ్రాముగా రాయండి.