డీబగ్గర్ ఆగింది సరే, సిగ్నల్ ప్రోగ్రామ్‌కి అందిందా?

కంట్రోల్-సి నొక్కితే ఫైల్ సేవ్ చేసి క్లోజ్ అయ్యేలా ఓ హ్యాండ్లర్ రాశాను. టెర్మినల్‌లో బాగానే పనిచేసింది. జీడీబీలో రన్ చేస్తే మాత్రం అసలు కాల్ అవ్వలేదు. నా కోడ్‌లోనే బగ్ ఉందనుకుని సాయంత్రమంతా వెతికాను.

అసలు సంగతేంటంటే, లినక్స్‌లో డీబగ్ అవుతున్న ప్రోగ్రామ్‌కి సిగ్నల్ వస్తే కెర్నల్ ముందు డీబగ్గర్‌కే చెబుతుంది (సిగ్‌కిల్ ఒక్కటే మినహాయింపు). దాన్ని ప్రోగ్రామ్‌కి పంపాలా వద్దా అన్నది డీబగ్గర్ చేతిలో ఉంటుంది. జీడీబీ డీఫాల్ట్‌గా ఏం చేస్తుందో చూడండి:

- సిగ్‌ఇంట్ (కంట్రోల్-సి): ఆగుతుంది, పంపదు
- సిగ్‌సెగ్‌వీ: ఆగుతుంది, కంటిన్యూ చేస్తే పంపుతుంది
- సిగ్‌అలారమ్: ఆగకుండా పంపేస్తుంది

'ఇన్ఫో సిగ్నల్స్' కమాండ్ కొడితే మొత్తం పట్టిక వస్తుంది. 'హ్యాండిల్ సిగ్‌ఇంట్ పాస్' అనగానే నా హ్యాండ్లర్ పనిచేసింది.

దీన్ని ఆటోమేట్ చేయాలంటే, ఒక్కో సిగ్నల్‌ని తనకి తానే పంపుకునే చిన్న సీ ప్రోగ్రామ్ రాయండి. స్క్రిప్ట్‌తో రెండు విషయాలు చెక్ చేయండి: డీబగ్గర్ ఆగిందా? కంటిన్యూ చేశాక హ్యాండ్లర్ దగ్గరి బ్రేక్‌పాయింట్ తగిలిందా? డెజాగ్నూతో నడిచే జీడీబీ సొంత టెస్టుల్లోనూ ఇదే పద్ధతి ఉంది. టైమ్‌అవుట్ పెట్టడం మర్చిపోకండి, లేదంటే రాని సిగ్నల్ కోసం టెస్ట్ అలాగే వేలాడుతుంది.

మొదటిది మాత్రమే చెక్ చేసి ఉంటే నా కేసు కూడా 'పాస్' అనే వచ్చేది.