కాయకము – హిమగిరి కూలీలు

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బోధించిన కాయక సిద్ధాంతములో పనులకు హెచ్చుతగ్గులు లేవు. గడ్డితో త్రాళ్ళు పేని విక్రయించి, ఆ రాబడితో జంగమ దాసోహము నడపిన నులియ చందయ్య శరణులలో పూజ్యుడయ్యెను.

త్రాటిపైననే ప్రాణము నిలుపుకొను కాయకము నేడును కలదు. నేపాళ దేశమున ఎవరెస్టు శిఖరమునకు పోవు దారిలో ఖుంబు హిమానీనదము విరిగి దిగు తావున్నది. అచటి మంచు నిత్యము కదలుచు పగుళ్ళు వారుచుండును. ఏటేట వసంతమున షెర్పాలు ముందుగా పోయి, పగుళ్ళపై అల్యూమినియం నిచ్చెనలు పరచి త్రాళ్ళు బిగింతురు. పిదప గుడారములు, ఆహారము, ప్రాణవాయువు సిలిండర్లు మోయుచు పలుమారులు దానిని దాటుదురు. సొమ్ము చెల్లించి వచ్చిన ఆరోహకుడు దాటునది కొలది మారులే. కనుక అపాయములో పెద్దపాలు మోయువానిదే.

1922 జూన్ 7న బ్రిటిషువారి యాత్రలో మంచుచరియ క్రింద ఏడుగురు కూలీలు మరణించిరి. దొరలలో ఒక్కడును మరణింపలేదు. 2014 ఏప్రిల్ 18న ఖుంబులో 16 మంది నేపాళ కార్మికులు అసువులు బాసిరి. ముగ్గురి దేహములు దొరకనే లేదు. ప్రభుత్వము తొలుత కుటుంబమునకు 40,000 నేపాళ రూపాయలు ప్రకటించెను. షెర్పాలు ఆ యేడు శిఖరమెక్క నిరాకరించిన పిదప, కనీస జీవిత బీమా 10 లక్షలనుండి 15 లక్షలకు పెరిగెను.

కాయకము పవిత్రమని పొగడుచు, దానిని చేయువాని ప్రాణమును చౌకగా నెంచుట శరణధర్మము కాదు. పరుల శ్రమఫలమును అనుభవించువాడు వారి ఆలుబిడ్డల క్షేమమునకు బాధ్యుడగుటయే నిజమైన దాసోహము.