చీరాల - పేరాల అహింసాదీక్ష

అహింస యనగా ఇతరులను కొట్టకుండుటయే యని పెక్కురు తలంతురు. కొట్టుటకు బలము లేనివాడును కొట్టడు. కొట్టుటకు భయపడువాడును కొట్టడు. అట్టివారి ఊరకుండుటను అహింస యనరాదు. అన్యాయమునకు తల యొగ్గకుండుట, అన్యాయము చేయువానిని ద్వేషింపకుండుట, అందువలన కలుగు కష్టమును తానే భరించుట - ఈ మూడును కూడినపుడే అది అహింస యగును. మొదటిదానికి ధైర్యము, రెండవదానికి దయ, మూడవదానికి ఓర్పు కావలెను. ధైర్యము ఒక్క క్షణమున పుట్టవచ్చును. ఓర్పు మాత్రము దినదినాభ్యాసమువలననే అలవడును. ఈ సత్యమును తెలుగునాట చీరాల, పేరాల ప్రజలు 1921వ సంవత్సరమున ఆచరించి చూపిరి.

చీరాల, పేరాల ఒకదానినొకటి ఆనుకొనియున్న ఊళ్లు. నేడు అవి బాపట్ల జిల్లాలో నున్నవి. ఆనాడు మద్రాసు రాజధానిలోని గుంటూరు జిల్లాలో నుండెను. అచటి జనసంఖ్య సుమారు 15,000. వారిలో మగ్గమును నమ్ముకొని బ్రదుకు చేనేతవారు పెక్కురు. 1919లో ప్రభుత్వము ఈ ఊళ్లను కలిపి పురపాలక సంఘముగ నేర్పరచెను. అంతకుముందు ప్రజలు ఏటా చెల్లించుచుండిన పన్ను సుమారు 4,000 రూపాయలు. క్రొత్త యేర్పాటుతో అది సుమారు 40,000 రూపాయలకు పెరిగెను. తమకు పురపాలక సంఘము వలదనియు, అంత పన్ను తాము భరింపజాలమనియు ప్రజలు మొరపెట్టుకొనిరి. ఆ మొర ఫలింపలేదు. అంతట వారు పన్ను చెల్లింప నిరాకరించిరి. కొందరు చెరసాలకును పోయిరి.

వారికి నాయకులైనవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. వారు 1889లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. స్కాట్లండు దేశములోని ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఎ. పట్టము పొందిరి. ప్రజలు వారిని 'ఆంధ్రరత్న' యని గౌరవించిరి. వారు 'రామదండు' అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చిరి. దండు అన్న పేరే గాని దాని చేతిలో ఆయుధము లేదు. క్రమశిక్షణయే దాని ఆయుధము. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు, అచటికి వచ్చిన గొప్ప జనసమూహమున క్రమము నిలిపినది ఈ దళమే.

ఆ సమావేశము ముగిసిన పిమ్మట, ఏప్రిలు నెలలో మహాత్మాగాంధి చీరాలకు వచ్చిరి. ప్రజల కష్టమును విని రెండు మార్గములు సూచించిరి. పన్ను నిరాకరించి, విధించిన శిక్షను శాంతముగ భరించుట మొదటిది. ఊరు విడిచిపోవుట రెండవది. పురపాలక సంఘపు అధికారము దాని ఎల్లలవరకే గదా! ఎల్ల దాటినవారిని అది పన్ను అడుగజాలదు. రెండు మార్గములకును అహింసయే ప్రాణము. ప్రజలు రెండవ మార్గమును ఎన్నుకొనిరి.

సుమారు 13,000 మంది తమ యిండ్లు విడిచి ఊరి వెలుపలికి తరలిరి. అచట పాకలు వేసికొనిరి. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు. ఇల్లు విడుచుట యెవరికైనను కష్టమే. నేతవానికి మఱింత కష్టము. ఇల్లే అతని పనిశాల. మగ్గమునకు నీడ కావలెను, నూలునకు తడి తగులరాదు, పడుగు తెగరాదు. పాకలో ఎండకును వానకును ఓర్చి నేతపని సాగించుట యెంత కఠినమో ఊహింపవచ్చును. ఒక్కనాటి ఆవేశముతో ఊరు విడువవచ్చును. కాని ప్రతి ఉదయమును పాకలో మేల్కొని, కనుచూపు మేరలోనున్న సొంతయింటికి పోక నిలుచుటకు ఆవేశము చాలదు. ఇట్లు వారు సుమారు 11 నెలలు నిలిచిరి.

ఈ మధ్యలో గోపాలకృష్ణయ్యగారు బరంపురమున నిర్బంధింపబడి, ఒక యేడు శిక్షతో తిరుచిరాపల్లి చెరసాలకు పంపబడిరి. నాయకుడు దూరమయ్యెను, ధనము కొరవడెను. అయినను ప్రజలు పగ తీర్చుకొను దారి త్రొక్కలేదు.

ఆ కాలమున దేశమున మఱియొకచోట వేఱొక విధముగ జరిగెను. 1922 ఫిబ్రవరిలో గోరఖపురము జిల్లాలోని చౌరీచౌరా గ్రామమున పోలీసులు జనముపై కాల్పులు జరిపిరి. క్రోధావేశముతో జనము ఠాణాకు నిప్పు పెట్టగా 20 మందికి పైగా పోలీసులు మరణించిరి. గాంధీజీ మిక్కిలి దుఃఖించి, దేశమంతట సాగుచుండిన సహాయ నిరాకరణోద్యమమును ఆ నెలలోనే నిలిపివేసిరి. చౌరీచౌరా ప్రజలకు ధైర్యము లేకపోలేదు. వారి బాధయు అబద్ధము గాదు. కాని అభ్యాసము లేని క్రోధము ఒక్క గడియలో ఏండ్ల శ్రమను బూడిద చేయగలదు.

తుదకు చీరాల, పేరాల ప్రజలు తమ యిండ్లకు మరలివచ్చిరి. పురపాలక సంఘము నిలిచియే యుండెను. అట్లయిన వారి దీక్ష వ్యర్థమా? వారు కోరినది ఆనాడు లభింపలేదన్నది నిజము, దానిని మఱుగుపరుపనక్కరలేదు. అయినను ప్రభుత్వము పన్ను విధింపగలదు గాని ప్రజల సమ్మతిని విధింపజాలదని వారు లోకమునకు తెలిపిరి. ఆయుధము లేని సామాన్యులు, స్త్రీలు, వృద్ధులు, బాలురు సైతము ఒక పోరాటమున పాల్గొనవచ్చునని చూపిరి. 1928లో గోపాలకృష్ణయ్యగారు చిన్నవయసుననే కన్నుమూసినను, ఆ పదునొకండు నెలల కథ తెలుగువారి స్వాతంత్ర్యచరిత్రలో నిలిచియున్నది.

అహింసను అభ్యసించుటకు అందఱును ఊరు విడువనక్కరలేదు. ఇంటను, బడిలోను, వీధిలోను దానికి ప్రతిదినము అవకాశము కలుగుచునే యుండును. పరుషవాక్యము విన్నపుడు పరుషముగ బదులు పలుకకుండుట, బలహీనుని పదుగురు పరిహసించునపుడు వారితో చేరకుండుట, తప్పును తప్పని నిర్భయముగ చెప్పుట, చెప్పిన పిమ్మట ఆ తప్పు చేసినవానితో మరల స్నేహముగ నుండుట - ఇవన్నియు చిన్న పనులవలె తోచును. కాని పెద్ద పరీక్ష వచ్చినపుడు మనుజుని నిలువబెట్టునది ఈ చిన్న పనుల అలవాటే. నీటిచుక్కలచే చెఱువు నిండునట్లు, దినదినము చూపిన ఓర్పుచే అహింస బలపడును.