బండి డాక్టర్: తొక్కితే తడబడే టర్బో

ప్రశ్న: నా పాత టర్బో కారు తొక్కగానే ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత దూకుతుంది. కుదుపు లేదు, లైటూ వెలగదు. రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి వెంటనే ఔటర్ ఎక్కించి పరీక్ష చేస్తున్నాను, తేడా లేదు. జబ్బేనంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జబ్బు కాదు. ఇంజిన్ వదిలే వేడి పొగే టర్బో చక్రాన్ని తిప్పాలి. అది వేగం అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది, పాత టర్బోల్లో ఇంకాస్త. ఆలస్యం వేరు, తడబాటు వేరు. నిశ్చింతగా ఉండండి. కానీ ఆ పొద్దుటి పరీక్ష ఏమిటండీ? ఆయిల్ వేడెక్కకుండానే టర్బోను పరుగెత్తిస్తే బేరింగులు అరుగుతాయి. లేని జబ్బు మీరే తెచ్చిపెడుతున్నారు. మానేయండి.

ప్రశ్న: పికప్ తడబాటుకు ఆక్టేన్ బూస్టర్ పోస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తగ్గదు.

ప్రశ్న: కాలేజీలో గోడకు అంటించుకున్న కారు, 1991 నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ ట్విన్ టర్బో, పోయినేడు కొన్నాను. ఐడిల్‌లో వంక పెట్టలేం. మూడో గేరులో పూర్తిగా తొక్కితే మాత్రం వెనక్కి పట్టి లాగినట్టు తడబడి నల్లపొగ వదులుతుంది. వీడియోలు చూసి ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోలు పంపు, ఎయిర్‌ఫ్లో మీటరు మార్చాను. ఇప్పుడు టర్బోలే పోయాయంటున్నారు. రెండూ మార్చెయ్యమంటారా? అయిన ఖర్చు ఇంట్లో ఇంకా చెప్పలేదు.
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: వద్దు. ఆ బండికి టర్బోలు మార్చాలంటే దాదాపు ఇంజిన్ దించినట్టే. పాడైన టర్బో కూత పెడుతుంది, ఆయిల్ తాగుతుంది, నీలిపొగ వదులుతుంది. మీరు రాసింది నల్లపొగ. అంటే పెట్రోలు ఎక్కువవుతోందని.

మీ ఉత్తరంలో బండి జబ్బు కన్నా మీ సొంత వైద్యమే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. మూడు సామాన్లు మార్చారు, ఒక్క కొలతా రాయలేదు. కోడు ఏమొచ్చింది? పెట్రోలు ప్రెషరెంత? వీడియోలో పెద్దమనిషి బండికి పోయింది ఆ సెన్సరు. ఆయన మీ బండి చూశాడా? పైగా కొత్త ఎయిర్‌ఫ్లో మీటరు సరైనదో కాదో తెలియదు కనుక పాత జబ్బుకు తోడు ఇంకో అనుమానం చేరింది. పాతది పారేయకపోతే దాన్నే మళ్ళీ బిగించండి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. అదీ కొలిచాకే.

ముందు కోడు. 1991 బండికి మీ ఫోను స్కానర్ పట్టదు. పక్కసీటు కాళ్ళ దగ్గరున్న ఈసీయూలో ఎర్ర లైటు మెరుపులు లెక్కపెట్టాలి. 55 వస్తే దాని లెక్కలో అంతా క్షేమం. 34 వస్తే నాక్ సెన్సరు గొడవ. అప్పుడు ఇంజిన్‌ను కాపాడుకోవడానికి ఈసీయూ బలం తగ్గించేస్తుంది. ఆ సెన్సరు మానిఫోల్డు కింద లోతున ఉంటుంది. విప్పేముందు దాని వైరూ కనెక్టరూ చూడండి.

కోడు లేకపోతే నా అనుమానం గాలి లీకు మీద. ఈ బండిలో గాలిని టర్బోల కన్నా ముందే కొలుస్తారు. కొలిచిన గాలి ఆ తర్వాత ఏ గొట్టం చీలికలోంచో బయటికి పోతే ఆ సంగతి ఈసీయూకు తెలియదు. లేని గాలికీ లెక్కగట్టి పెట్రోలు పోస్తుంది, అదే మీ నల్లపొగ. ఐడిల్‌లో టర్బో ఒత్తిడి ఉండదు కాబట్టి చీలిక బయటపడదు, తొక్కినప్పుడే నోరు తెరుస్తుంది. ఇంజిన్ ఆపి, గాలి పీల్చే గొట్టానికి మూత బిగించి, కంప్రెసర్‌తో 8 పీఎస్‌ఐ దాకా మెల్లగా గాలి పట్టండి. జాయింట్లన్నిటి మీదా సబ్బునీళ్ళు చల్లండి. బుడగలు మిగతా సంగతి చెబుతాయి.

అక్కడ ఏమీ దొరక్కపోతే ప్లగ్గులు. గ్యాప్ అరిగి పెరిగితే టర్బో ఒత్తిడికి నిప్పురవ్వ ఈదురుగాలిలో దీపంలా ఆరిపోతుంది. ఆపైన ఇగ్నిషన్ ట్రాన్సిస్టర్ యూనిట్. ఇంజిన్ ముందు వేడిలో ఉండి, బండి కాగాక మొండికేయడంలో ఈ మోడల్లో దానికి పేరుంది. ఇంజెక్టర్లు ఒక్కోటీ 10 నుంచి 14 ఓమ్‌ల మధ్య చూపాలి.

పంపు మార్చారు, ప్రెషర్ మాత్రం చూడలేదు. ఐడిల్‌లో రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం తీస్తే 43 పీఎస్‌ఐ దగ్గర ఉండాలి. గొట్టం మళ్ళీ పెట్టి తొక్కినప్పుడు, టర్బో ఒత్తిడి ఎంత పెరిగితే ఇదీ అంత పెరగాలి. పెరగకపోతే పెట్రోలు చాలక పిస్టన్లు కరుగుతాయి. అది తేలేదాకా పూర్తిగా తొక్కకండి.

ముప్పై ఏళ్ళు దాటిన రబ్బరు చీలితే అది మీ తప్పు కాదు, మోసపోయి కొన్నట్టూ కాదు. ఇంట్లో చెప్పేయండి. టర్బోల బిల్లు వచ్చాక చెప్పడం కన్నా సబ్బునీళ్ళ దశలో చెప్పడం తేలిక.

ప్రశ్న: మా 2005 ఆక్టావియా ఆర్‌ఎస్ ఎత్తెక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతోంది. ఇంజిన్ లైటు వెలిగి ఆరుతోంది. వచ్చేవారం షెడ్డుకు తీసుకెళ్తే పర్వాలేదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పర్వాలేదని అనలేనమ్మా. ఆ లైటు మిణుకుతోందంటే సిలిండర్‌లో కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తోందని. ఈ 1.8 టర్బోలో ప్లగ్గుకో కాయిల్ ఉంటుంది, తరచూ పోయేవి అవే. స్కానర్ చూపిన సిలిండర్ కాయిల్‌ను పక్కదానికి మార్చి చూడమనండి. మిస్సింగ్ కూడా దాని వెంటే వెళ్తే కాయిలే దోషి. ఇవాళే వెళ్ళండి, మెల్లగా, తొక్కకుండా.