పక్షులకొక పండుగ

మన పండుగలలో పక్షికీ పశువుకూ చోటు లేకపోలేదు. సంక్రాంతికి పిచ్చుకల కోసం గుమ్మానికి వరికుచ్చు కట్టడం, కనుమనాడు పశువులను పూజించడం కోనసీమవారికి తెలిసినవే. అయితే పక్షులను చూచుటకే జనం కూడే పండుగ ఒకటి మన రాష్ట్రపు దక్షిణపు కొసన, తిరుపతి జిల్లా సూళ్లూరుపేటలో జరుగుతున్నది. 2001లో ప్రారంభమైన ఈ ఫ్లెమింగో ఉత్సవం కొన్నేండ్లు ఆగి, 2025 జనవరి 18 నుండి 20 వరకు మరల జరిగింది. దీనికి బడిపిల్లలు, కుటుంబాలు, చుట్టుపట్ల పల్లెల ప్రజలు తరలివస్తారు.

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పోయే రోడ్డు పులికాటు సరస్సు మధ్యగా సాగుతుంది. ఉప్పు కలిసిన నీటి సరస్సులలో చిల్కా తరువాత మన దేశంలో ఇదే పెద్దది. అక్కడి లోతులేని నీటిలో పొడవు కాళ్ల గులాబివన్నె పక్షులు బారులు తీరి నిలిచి ఉంటాయి. పత్రికలు వీటిని రాజహంసలంటాయి. సాహిత్య విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తపడాలి. మానస సరోవరానికి పోయే కావ్యహంస వేరు. అయినా ఆ పేరు పెట్టినవాడు పూర్తిగా పొరపడలేదేమో! హంస పాలనూ నీటినీ వేరుచేస్తుందని కవిసమయం. ఈ పక్షి ముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోనికి లాగి బయటకు నెట్టుతూ, ముక్కు అంచులనున్న జల్లెడవంటి పొరలతో నాచునూ చిన్న జీవులనూ వడగట్టుకొంటుంది. ఆ ఆహారంలోని వర్ణద్రవ్యమే దాని ఈకలకు గులాబిరంగునిస్తుంది. మన దేశంలో వీటి ముఖ్య సంతానస్థలం కచ్ రణ్ణు. 1945లో సలీం అలీ అక్కడికి వెళ్లి ఆ గూళ్లను పరిశీలించారు. 1931-32లో నైజాం రాజ్యపు పక్షులను సర్వే చేసినవారూ ఆయనే.

ఉత్సవానికి వచ్చినవారు తప్పక చూడవలసినది నేలపట్టు. అక్కడి చెరువులోని కడప చెట్లపై గూడబాతులు, కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ప్రభుత్వం 1976లో దీనిని పక్షుల రక్షితకేంద్రంగా ప్రకటించింది. అంతకు ముందునుండే ఊరివారు వాటిని శుభసూచకాలుగా భావించి కాపాడుతూ వచ్చారు. పక్షుల రెట్టతో బలిసిన చెరువునీరు పొలాలకు ఎరువు కూడా. కనుక ఇది కేవలం దయ కాదు, ఇచ్చిపుచ్చుకొనే బంధుత్వం. ఏ వేదికా లేకుండా ఏటేటా నడచిన పండుగ అది.

అసలు ఉత్సవంలో నాకు నచ్చనిది ఒకటున్నది. పక్షి పేరిట మైకులు, సినిమా పాటలు, ఉపన్యాసాలు ఎక్కువైతే, పిల్లవాడు ఇంటికి తీసుకొనిపోయేది పాటే గాని పక్షి కాదు. గూటిలో పిల్లలున్న కాలమది. నిశ్శబ్దమే అతిథి మర్యాద.

ఈ మాట మన తీరానికీ తగులుతుంది. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వేలాది జనం వస్తారు. సరిగా ఆ రోజులలోనే, అనగా జనవరి మొదలు మార్చి వరకు, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంత తీసి, ఒక్కొక్కటి వంద వరకు గుడ్లు పెట్టిపోతాయి. ఏడెనిమిది వారాలకు వెలువడిన పిల్లలు సముద్రంపైని వెలుతురునే గురుతుపట్టి నడుస్తాయి. వెనుకవైపు దీపాలు ప్రకాశిస్తే దారితప్పి ఊరివైపు పాకి, తెల్లవారేసరికి ఎండకూ కుక్కలకూ కాకులకూ బలియవుతాయి. వలలలో చిక్కి చచ్చే పెద్ద తాబేళ్ల సంగతి వేరే చెప్పాలి.

కోనసీమలోనూ ఇటువంటి పండుగ కావాలని విద్యార్థులు కొందరు నన్నడిగారు. కావలసినదే. కాని అందులో వేదిక వద్దు, దీపాలంకరణ అసలే వద్దు. కళాశాల కమిటీవారికి నా మనవి ఇంతమాత్రమే: రాబోయే మాఘంలో ఇరవైమంది విద్యార్థులను, వారి ఇంటివారిలో రాదలచినవారిని, అటవీశాఖ అనుమతితో ఒక రాత్రి అంతర్వేది ఇసుకమీద నడిపించండి. బస్సు ఖర్చు, ఎర్రకాగితం చుట్టిన రెండు టార్చిలైట్లు చాలు.