హేగ్ వారంటు, దక్షిణాఫ్రికా ఇరకాటం

2015 జూన్‌లో ఆఫ్రికన్ యూనియన్ సదస్సుకు సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ జొహానెస్‌బర్గ్ వచ్చారు. సూడాన్‌లోని డార్ఫర్ ప్రాంతంలో జరిగిన నేరాలకు సంబంధించి ఆయనపై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు (ఐసీసీ) వారంటు ఉంది. సభ్యదేశంగా దక్షిణాఫ్రికా ఆయన్ని అరెస్టు చేయాలి. దేశం దాటనివ్వొద్దని ప్రిటోరియా హైకోర్టు ఆదేశించింది కూడా. అయినా వాటర్‌క్లూఫ్ వైమానిక స్థావరం నుంచి బషీర్ విమానం వెళ్లిపోయింది. డార్ఫర్ బాధితులకు ఇది తీరని అన్యాయం.

మరుసటి ఏడాది ఐసీసీ నుంచి వైదొలుగుతామని ప్రభుత్వం నోటీసిచ్చింది. పార్లమెంటు ఆమోదం లేకుండా అలా చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2017లో హైకోర్టు తేల్చడంతో వెనక్కి తగ్గింది. 2023లో మళ్లీ అదే పరీక్ష. ఈసారి ఐసీసీ వారంటు ఉన్న రష్యా అధ్యక్షుడు పుతిన్ దక్షిణాఫ్రికాలో జరిగిన బ్రిక్స్ సదస్సుకు రాలేదు, వీడియోలోనే ప్రసంగించారు.

భారత్ దారి వేరు. 1998 జులై 17న ఐసీసీ ఏర్పాటుకు ఆధారమైన రోమ్ స్టాట్యూట్‌కు 120 దేశాలు అనుకూలంగా, చైనా సహా 7 వ్యతిరేకంగా ఓటేయగా, తటస్థంగా ఉన్న 21 దేశాల్లో మనదీ ఒకటి. కేసులు అప్పగించే, ఆపించే అధికారం భద్రతామండలికి ఇవ్వడం, అణ్వాయుధ ప్రయోగాన్ని నేరాల్లో చేర్చకపోవడం ఢిల్లీ అభ్యంతరాల్లో ముఖ్యమైనవి. మొదటిది బలమైన వాదనే. వీటో ఉన్న అమెరికా, రష్యా, చైనా ఐసీసీలో సభ్యులు కావు. బ్రిక్స్‌లో దక్షిణాఫ్రికాలాగే బ్రెజిల్ మాత్రం ఐసీసీ సభ్యదేశమే.

పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడే చోటు ఒకటుంది. 2023 డిసెంబరులో ఇజ్రాయెల్‌పై దక్షిణాఫ్రికా కేసు వేసింది అంతర్జాతీయ న్యాయస్థానంలో. రెండు కోర్టులూ హేగ్‌లోనే ఉన్నా, అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య వివాదాలు చూస్తుంది. ఐసీసీ వ్యక్తులను విచారిస్తుంది.